చుట్టాలు లేని ఊరు

రుక్మిణికి జిల్లా మ్యాపు కంఠతా వచ్చు. కాకపోతే అది బడిలో గోడకు వేలాడే మ్యాపు కాదు. అందులో సదాశివపేట అంటే పెద్ద ఆడపడుచు. జహీరాబాద్ అంటే మేనమామగారి పప్పుల దుకాణం. జోగిపేట అంటే చిన్నమామగారు, ఆయన మోకాళ్ల నొప్పులు. నర్సాపూర్ తోటికోడలి పుట్టిల్లు. మెదక్‌లో అన్నదమ్ములు ఇద్దరు, ఒకరింటికి వెళ్లి రెండోవారింటికి వెళ్లకపోతే మూడేళ్లు మాటలుండవు. ఏ ఊళ్లో బస్సు దిగినా, రెండో కాలు నేల మీద పెట్టకముందే "ముకుంద్ భార్యవు గాదూ?" అనే గొంతు ఒకటి వినిపించి తీరుతుంది.

ముకుంద్‌కు సంగారెడ్డిలో కిరాణా, పప్పుల హోల్‌సేల్ దుకాణం. ఇల్లు పోతిరెడ్డిపల్లిలో. ఇరవై రెండేళ్లుగా రుక్మిణి వంట ముగించుకుని మధ్యాహ్నం పన్నెండింటికి దుకాణానికి వెళ్తే, దీపాలు పెట్టాక ఎనిమిదింటికి ఇంటికొచ్చేది. సరుకు చూసేది, సంచులు విప్పించేది, పుచ్చు వచ్చిన పెసలు ఏ లారీలో వచ్చాయో చెప్పేది. ఎవరైనా అడిగితే ముకుంద్ మాత్రం, "మా ఆమెకేం, ఇంట్లనే ఉంటది. జెర టైంపాస్‌కని వచ్చి కూసుంటది" అనేవాడు. మంచి మనిషి. అబద్ధం చెప్తున్నట్టు ఆయనకే తెలియదు.

నలభై మూడో ఏట రుక్మిణి సార్వత్రిక విశ్వవిద్యాలయంలో సైకాలజీ పీజీకి చేరింది. ఆదివారం క్లాసుల్లో ఆమెకు ఇద్దరు స్నేహితురాళ్లు దొరికారు. ఒకరు కృష్ణప్రియ, పటాన్‌చెరులో ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. ఆమె తండ్రి సూర్యారావు నలభై ఏళ్ల కిందట గుంటూరు వైపు నుంచి సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, ఈ నీళ్లు పడటం లేదంటూనే ఇల్లు కట్టి, ఈ ఎండలు పడటం లేదంటూనే రిటైరయ్యాడు. రెండోది పూజ, ముప్పై నాలుగేళ్లది, సాఫ్ట్‌వేరు ఉద్యోగి. అమీన్‌పూర్‌లో చెరువు కనిపించే ఫ్లాటు కొనుక్కుంది. చెరువు కనిపించాలంటే బాల్కనీలో బట్టల తీగ కిందికి వంగి ఎడమవైపు మెడ తిప్పాలి.

పరీక్షలైపోయాక ముగ్గురూ ఎక్కడికైనా వెళ్లాలనుకున్నారు. పూజ గోకర్ణం అంది. కృష్ణప్రియ శ్రీశైలం అంది. దేవుడి పేరు చెప్తే నాన్న ఏమీ అనడు. రుక్మిణిది ఒకటే షరతు.

"నాకు చుట్టాలు లేని ఊరు కావాలె. గంతే."

"అంటే సముద్రం మధ్యల వెతకాలె అక్కా," అంది పూజ.

అక్కడిదాకా పోనక్కర్లేకపోయింది. రుక్మిణి మనసులోని మ్యాపంతా వెతికితే ఒక్కచోట ఖాళీ దొరికింది. నారాయణఖేడ్. ముకుంద్ నోట ఆ ఊరి పేరు ఎప్పుడూ రాలేదు. పూజ ఫోనులో వెతికి, ఆ ఊరికి దగ్గర్లో పాతకాలపు మెట్ల బావి ఉందని, దానికి ఐదుకి నాలుగున్నర మార్కులు పడ్డాయని చెప్పింది. మార్కులు వేసింది ఇద్దరే. ఆ ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. అది ఎవరూ పట్టించుకోలేదు.

ముకుంద్ అనుమతి ఇవ్వడం కూడా చూడాల్సిన ముచ్చటే.

"పోతా అంటె నేనెప్పుడన్న వద్దన్ననా?" అన్నాడు, ఆమె అడగకముందే నొచ్చుకుని.

"అనలే."

"మరి? పో. మంచిగ పో. కని బయటి నీళ్లు తాగకు. లొకేషన్ ఆన్ పెట్టు. అమ్మకు చెప్పకు, పరీక్ష ఉన్నదని చెప్త. పొద్దుగూకకముందే రావాలె. ఆ పిల్ల కారు ఎంత స్పీడు పోతదో ఏందో, జెర జూస్కో. ఇంకేం లేదు, నీ ఇష్టం."

ఆ సాయంత్రానికల్లా 'మా ఆమెను టూరు పంపుతున్న' అని ముకుంద్ బజారంతా చెప్పుకున్నాడు. నలుగురు ఆయన విశాల హృదయాన్ని మెచ్చుకున్నారు కూడా.

రెండో శనివారం పొద్దున ఏడింటికి పూజ కారు పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఆగింది. కొత్త కరెంటు కారు. ఇస్నాపూర్ ట్రాఫిక్‌లో గంటసేపు నిలబడి, లారీల పొగ, ఫ్యాక్టరీల వాసన కలిపి పీల్చుకుని వచ్చినా పూజ ముఖంలో వెలుగు తగ్గలేదు.

"చప్పుడు విను అక్కా," అంది.

"ఏ చప్పుడు?"

"అదే, లేదు కదా!"

ఆ లేని చప్పుడును జోగిపేట దాకా ముగ్గురూ విన్నారు. పెట్రోలు పోసే వాళ్లంతా ఎంత వెనకబడి ఉన్నారో పూజ చెప్పింది. కారుకు గొంతు ఉంది. సీటు బెల్టు పెట్టుకొమ్మని, అలసిపోతే ఆగమని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పేది. కృష్ణప్రియ ఇంటినుంచి పులిహోర, పెరుగన్నం, మాత్రలు, టార్చిలైటు, రెండు తాళ్లు తెచ్చింది.

"తాళ్లెందుకు?" అంది రుక్మిణి.

"ఏమోనండీ, నాన్న పెట్టారు. ఎందుకో ఆయనకే తెలియదు."

జోగిపేట దాటుతుంటే రుక్మిణి కొంగు నెత్తిమీదికి లాక్కుని సీటులో కిందికి జారింది. చిన్నమామగారి ఇల్లు హైవేకు దూరమే. అయినా ఆయనకు మోకాళ్ల నొప్పులే గానీ, చూపుకేం తక్కువ లేదు.

నారాయణఖేడ్‌లో పది గంటలకు దిగారు. ఊరు తన పని తాను చేసుకుంటోంది. బస్టాండు ముందు ఆటోలవాళ్లు తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ కలిపి ఒకే వాక్యంలో తిట్టుకుంటున్నారు. పూజ ఫోను తీసి, "వావ్, ఎంత రియల్‌గా ఉంది" అంది. అమీన్‌పూర్ బహుశా ఆమెకు బొమ్మలకొలువులా కనిపిస్తుంది కాబోలు.

బజ్జీల బండి దగ్గర ఒక ముసలాయన రుక్మిణిని పైనుంచి కిందికి చూసి అడిగాడు.

"ఏ ఊరమ్మా? ఎవరింటికి?"

ఇరవై రెండేళ్లలో ఈ ప్రశ్నకు ఆమె ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పింది. ఈసారి నోరు తెరిచి, ఒక క్షణం ఆగింది.

"ఎవరింటికి గాదు. మేం టీచర్లం. ఊరు సూద్దామని వచ్చినం."

"ఈడ సూసుటానికేమున్నది?" అని ముసలాయన మనస్ఫూర్తిగా ఆశ్చర్యపోయి వెళ్లిపోయాడు. అంతే. పిలిచి కూర్చోబెట్టలేదు, అత్తగారి ఆరోగ్యం అడగలేదు, ఇంటికి రాకపోతే ఎట్లా అని నిష్ఠూరమాడలేదు. రుక్మిణి రోడ్డు మధ్యకు దగ్గరగా నిలబడి, నిలబడే, పేపరు ముక్కలో మూడు మిరపకాయ బజ్జీలు తింది. సంగారెడ్డిలో ఆమె అట్లా తింటే నాలుగో బజ్జీకి ముందే ముకుంద్‌కు ఫోను పోయేది. కారానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎంత హాయిగా ఉందో.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ మెట్ల బావి ఉంది కదా.

ఊరికి పధ్నాలుగు కిలోమీటర్లన్న బావి, కంది చేల మధ్య మట్టిదారిలో ఇరవై రెండు అయింది. రెండుసార్లు తప్పిపోయారు. ఒకసారి ఒక ఇంటి దొడ్డిలో తేలారు. తీరా చూస్తే బావి ఉంది. మెట్లు మూడు మిగిలాయి. అందులో మోటారు, చుట్టూ తుమ్మ కంప, పక్కన రెండు బర్రెలు. పూజ మెట్ల మీద మూడు చీరల్లో ఫొటోలు దిగాలని తెచ్చిన సంచీ అట్లాగే కారులో ఉండిపోయింది. ఒక బర్రె మాత్రం కారు అద్దాన్ని నాకి చూసింది.

తిరిగి వస్తుండగా కారు గొంతు సవరించుకుని, తనలో తొమ్మిది శాతం చార్జింగు మాత్రమే ఉందని మర్యాదగా చెప్పింది.

"తొమ్మిదా? నువ్వు నిండుగా పెట్టలేదా?" అంది కృష్ణప్రియ.

"రాత్రి పెట్టడం మర్చిపోయిన. కానీ ప్రాబ్లం లేదు, నారాయణఖేడ్‌లో చార్జర్ ఉంది. యాప్‌లో చూసిన."

ఉంది. ఊరి చివర పెట్రోలు బంకులో గోడవారన నిలువెత్తు పెట్టె ఒకటి నిలబెట్టి ఉంది. దానికి గోనెపట్టా కప్పి, తాడుతో కట్టి, పైన నిమ్మకాయలు మిరపకాయలు వేలాడదీశారు.

"గది షురూ కాలే మేడం," అన్నాడు బంకులో పనిచేసే మల్లేష్. "కరెంటోళ్లు కనెక్షన్ ఇయ్యాలె. దసరాకే వస్తదన్నరు."

"ఏ దసరా?"

మల్లేష్ ఆలోచించాడు. "పోయినదే."

మాఘమాసపు ఎండ తలమీదికొచ్చింది. చార్జింగు మిగలాలని పూజ ఏసీ ఆపేసింది. కారు లోపల ముగ్గురు సైకాలజీ విద్యార్థినులు ఒకరి మనస్తత్వాన్ని ఒకరు మొట్టమొదటిసారి దగ్గరగా చూసుకున్నారు. కృష్ణప్రియ తండ్రికి ఫోను చేసింది. సూర్యారావు, వీళ్లెక్కడున్నారో అడగకుండానే, "నేను మొదటే చెప్పాను" అని మొదలుపెట్టి ఐదు నిమిషాలు మాట్లాడి పెట్టేశాడు. పూజ ఇద్దరు మేనేజర్లకు మెసేజీలు కొట్టింది. తర్వాత వెనక్కి తిరిగింది.

"రుక్మిణక్కా, మీవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటరు కదా. ఎవరికన్న ఫోన్ కొట్టు."

"మావాళ్లు లేరనే గదా నేను ఈడికి వచ్చింది."

"ఉంటరు అక్కా, మీ కమ్యూనిటీ నెట్‌వర్క్ ఎట్ల ఉంటదో తెలుసు కదా. ఇది ఈగోకు టైమ్ కాదు."

రుక్మిణికి చెవులు వేడెక్కాయి. "నీ కారు ఆగితే నా చుట్టాలెందుకు? పొద్దుగాల లేని చప్పుడు ఇనిపించినవ్ గదా, ఇప్పుడు గదే విను."

"అబ్బా, మీరిద్దరూ ఆగండి," అంది కృష్ణప్రియ, తాళ్లు చేతిలో పట్టుకుని. "వీటితో ఎవరైనా లాగుతారేమో అడగనా?"

ఎవరూ నవ్వలేదు. కిటికీ దగ్గర నిలబడి ఇదంతా శ్రద్ధగా విన్న మల్లేష్ చివరికి జాలిపడ్డాడు.

"మేడం, పెద్ద ప్లగ్గు కావాలె గంతే గదా? ముందట పప్పుల మిల్లున్నది. కౌసల్యమ్మది. ఇస్తే ఆమెనే ఇయ్యాలె. ఇయ్యదు గని, అడుగుండ్రి."

కారు మిల్లు గేటులోకి నాలుగు శాతంతో, పెళ్లికూతురిలా మెల్లగా వెళ్లింది.

లోపల కందుల వాసన. రుక్మిణి ముక్కుపుటాలు తమంతట తామే విప్పారాయి. వేపచెట్టు నీడన ప్లాస్టిక్ కుర్చీలో అరవై దాటిన ఆవిడ కూర్చుని ఉంది. ముక్కుకు రెండువైపులా పుడకలు, నడుముకు తాళాల గుత్తి, ఒళ్లో చేట. కౌసల్యమ్మ అంటే ఆవిడే. పూజ చెప్పిందంతా ఓపికగా విని, కారును ఒకసారి చూసి తల అడ్డంగా ఊపింది.

"మా మిషన్లకే కరెంటు సాలదు బిడ్డా. ఒక్కటి బందైతే పది మంది కూలీలు కూసుంటరు. బస్టాండుకు పోండ్రి, బస్సులు మస్తుగున్నయి. అవి డీజిలు తాగుతయి."

"ఆంటీ, ప్లీజ్..."

"నేనెవరికీ ఆంటీని గాను."

పూజ నోరు మూతపడింది. అది రోజు మొత్తంలో మొదటిసారి.

అదే సమయానికి కాంటా దగ్గర గొడవ మొదలైంది. బక్కమ్మ అనే ముసలామె రెండు సంచుల కందులు తెచ్చింది. మిల్లు గుమాస్తా జైపాల్ గుప్పెడు గింజలు తేమ చూసే మిషన్‌లో పోసి, పదిహేను చూపిస్తోంది, తేమ ఎక్కువ, తీసుకోము, ఎండబెట్టి తే అంటున్నాడు.

"నాలుగు దినాలు ఎండవోసిన కొడకా! కోళ్లను కొట్టుకుంట కావలి కూసున్న. ఇంకేడ ఎండవోయాలె, నా నెత్తి మీదనా?"

"నేనేం జేయాలె అవ్వా? మిషన్ చెప్తున్నది."

"మిషనేమన్న నా చేన్ల పనిజేసిందా?"

బక్కమ్మ సంచి మూతి కట్టుకోవడం మొదలుపెట్టింది. ఆటో పెట్టి ఎనిమిది కిలోమీటర్లు తెచ్చిన సంచులవి. రుక్మిణి చూస్తూ నిలబడింది. ఇది తన దుకాణం కాదు, తన ఊరు కాదు, పైగా తను టీచరు. ప్లగ్గు అడగడానికి వచ్చిన ఇంట్లో తప్పులెంచితే ఆ ప్లగ్గు ఈ జన్మకు దొరకదు. ఇవన్నీ ఆమెకు బాగా తెలుసు. తెలిసి కూడా చూస్తే, కుడి చెయ్యి మోచేతి దాకా బక్కమ్మ సంచిలో ఉంది.

కృష్ణప్రియ వెనకనుంచి గిల్లింది. లాభం లేకపోయింది. రుక్మిణి సంచి అడుగునుంచి నాలుగు గింజలు తీసి, ఒకటి పంటికింద పెట్టింది. టక్‌మని రెండు బద్దలైంది.

"ఇవి ఎండినయి," అంది.

జైపాల్ ఆమె చీరను, చేతిలో హ్యాండ్‌బ్యాగును చూశాడు. "మేడం, మీకు తెల్వదు. మిషన్..."

"తేమ ఉంటే పన్ను దిగుతది, మెత్తగ వస్తది. ఇది పెళుక్కుమన్నది. చెయ్యి పెడితే అడుగున సల్లగ లేదు. మీ గోదాముల పోయిన ఏడాది కందులు ఉన్నయా?"

"ఉంటయి. ఎందుకు?"

"గుప్పెడు తెండ్రి. అవి కూడా గా మిషన్ల పోయండ్రి."

జైపాల్ కౌసల్యమ్మ వైపు చూశాడు. ఆవిడ చేట కదపడం ఆపింది. గుత్తిలోంచి గోదాము తాళంచెవి తీసి అతని వైపు విసిరింది.

ఏడాదిగా గోదాములో పడి ఉన్న, పురుగులు కూడా దాహంతో చచ్చిపోయేంత ఎండిన కందులకు మిషన్ పదహారు చూపించింది.

జైపాల్ పరువు కోసమన్నట్టు కూలీలు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. బక్కమ్మకు మాత్రం అంత మర్యాద అక్కర్లేకపోయింది.

"గందుకే అన్న! నీ మిషన్‌కు జలుబు జేసింది రా!"

హమాలీలు పగలబడి నవ్వారు. జైపాల్ మిషన్‌ను తట్టాడు, ఊదాడు, తలకిందులు చేశాడు. పొద్దుటి నుంచి ఇంకెందరిని తిప్పి పంపాడో లెక్క గుర్తొచ్చిందేమో, ముఖం పాలిపోయింది.

"ఆమె సంచులు కాంటా పెట్టు," అంది కౌసల్యమ్మ. "పొద్దుగాల వాపసు పోయినోళ్లకు ఫోన్లు జేసి పిలువు. వచ్చిన మాల్ నేనే సూస్త." తర్వాత రుక్మిణి వైపు తిరిగింది. "ఏం జేస్తవు బిడ్డా నువ్వు?"

"టీచర్ని."

"ఏం సబ్జెక్టు?"

రుక్మిణి కృష్ణప్రియ వైపు ఒకసారి చూసింది. "సైకాలజీ."

"మంచిది. కందులకు గూడ మనసుంటది," అంది కౌసల్యమ్మ, నవ్వకుండా. "ఎనక షెడ్డుల పెద్ద ప్లగ్గున్నది. పెట్టుకోండ్రి."

కారు చార్జింగు తాగడం మొదలుపెట్టింది. ఆ ప్లగ్గుతో సంగారెడ్డి చేరేంత ఎక్కాలంటే ఐదు గంటలు. పూజ గోనెసంచుల మీద పడుకుని నిద్రపోయింది. లేచేసరికి చెంప మీద సంచి అల్లిక అచ్చు పడింది. కృష్ణప్రియ పులిహోర డబ్బా తెరిస్తే హమాలీలు, బక్కమ్మ, జైపాల్ అందరూ తిని, పులుపు తక్కువైందన్నారు. రుక్మిణి వేపచెట్టు కింద రెండో కుర్చీ లాక్కుంది. తిరిగొచ్చిన రైతుల సంచులు ఒక్కొక్కటీ విప్పుతుంటే, కౌసల్యమ్మ ఒక గింజ, ఆమె ఒక గింజ కొరికి చూసేవాళ్లు. చాలాసార్లు ఇద్దరూ ఒకటే మాట అనేవాళ్లు. ఒకసారి మాత్రం కౌసల్యమ్మ బాగుందన్న సంచిని రుక్మిణి కాదంది. విప్పి కింద పోస్తే నడుమ భాగం ముక్కిపోయి ఉంది.

"నా పండ్లు పాతవైనయి," అంది పెద్దావిడ. కోపం లేదు. "మా ఆయన పోయినంక మిల్లు అమ్మేయమని చెప్పెటానికి పదిహేను మంది చుట్టాలొచ్చిండ్రు. నడిపిస్త అంటె సాయం జేస్తమని ఒక్కడు రాలే. పదకొండేండ్లాయె. నా పని నేనే చేసుకుంటున్న. నడుస్తున్నది."

నాలుగింటికి ముకుంద్ ఫోను చేశాడు. లొకేషన్ మూడు గంటలుగా ఒకేచోట కదలకుండా ఉండేసరికి ఆయనకు కంగారు పుట్టింది.

"ఏమైంది? ఏడున్నవ్? ఏదో పప్పుల మిల్లు అని చూపిస్తున్నది!"

"కారు చార్జింగు పెట్టినం. మంచిగనే ఉన్నం."

ముకుంద్ ఊపిరి పీల్చుకున్న శబ్దం స్పష్టంగా వినిపించింది. తర్వాత ఆ శబ్దం మారింది. "అవునా... మరి ఆడ కందులు ఎట్లున్నయి? గింజ లావున్నదా?"

"నాకేం తెలుస్తది? నేను నీడకు కూసున్న."

"గదీ నిజమే," అన్నాడు ముకుంద్. "మిల్లు ఎవరిది?"

"తెల్వదు. ఎవరో ఉన్నరు."

ఫోను పెట్టేసి చూస్తే కౌసల్యమ్మ తననే చూస్తోంది.

"ముకుంద్ గదా," అందావిడ.

రుక్మిణి ఫోనును కొంగులో దాచుకుంది.

"వాని తాతకు, మా మామకు తల్లులు అక్కచెల్లెండ్లు. ఏదో పొలం పంచాయితీల రాకపోకలు బందైనయి, పేరు గూడ తీసుకోరు. నీ పెండ్లికి మాత్రం నేను వచ్చిన. నువ్వు సంచిల చెయ్యి పెట్టినప్పుడే పట్టిన నిన్ను. మీ అత్త గూడ గట్లనే మోచెయ్యి దాకా పెడ్తది."

అంటే జిల్లా మ్యాపులో ఆ ఒక్క ఖాళీ కూడా ఖాళీ కాదన్నమాట. పోట్లాట వల్ల తుడిచేశారంతే. రుక్మిణికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"మరి... టీచర్నంటే ఊకున్నరు?"

"టీచర్నన్నవు, టీచర్వే అనుకున్న. ఒక దినం నీ ఇష్టమున్నట్లుండు. నేనెవరికి చెప్త?" కౌసల్యమ్మ చేట అందుకుంది. "ఇగో, ఈ సంచి సూడు. నాకెందుకో అనుమానమున్నది."

ఐదున్నరకు మిల్లు నుంచి బయల్దేరారు. బక్కమ్మ అప్పటికే ఆటోలో వెళ్లిపోయింది, వెళ్తూ మిషన్‌కు మిరియాల కషాయం పట్టమని జైపాల్‌కు మరీ మరీ చెప్పి. కారులో ఏసీ వేస్తే ఇల్లు చేరదని లెక్క తేలడంతో నాలుగు అద్దాలూ దించారు. జోగిపేట దగ్గర రుక్మిణి సీటులో జారలేదు. గాలికి జుట్టంతా రేగి ఎట్లాగూ ఎవరూ గుర్తుపట్టేట్టు లేరు.

"అక్కా, మధ్యాహ్నం అట్ల అన్నందుకు సారీ. మీవాళ్లు, నెట్‌వర్క్ అని," అంది పూజ, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా.

"నేను గూడ అన్న గదా."

"నువ్వు కరెక్టే అన్నవ్. నాకే చప్పుడెక్కువ."

వెనక సీట్లో కృష్ణప్రియ ఫోను మోగింది. సూర్యారావు తాళ్లు ఉపయోగపడ్డాయా అని అడిగాడు. ఉపయోగపడ్డాయి నాన్నా అంది ఆమె. ఆయనకు ఆ రాత్రి మంచి నిద్ర పట్టి ఉంటుంది.

పొద్దుగూకిన గంటకు రుక్మిణి ఇల్లు చేరింది. గేటు దగ్గర నిలబడ్డ ముకుంద్ ఏం చూశావని అడిగితే మూడు మెట్ల బావి గురించి చెప్పింది. దానికోసం అంత దూరమా అని ఆయన జాలిపడ్డాడు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం దుకాణం ముందు ఆటో ఆగి, కౌసల్యమ్మ దిగింది. కాంటా దగ్గరున్న రుక్మిణి చేతిలోంచి పప్పులు తోడే గరిట జారింది. ముకుంద్ మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక గల్లాపెట్టె వదిలి పరుగెత్తుకొచ్చి కాళ్లకు దండం పెట్టాడు. పాత పంచాయితీ పెట్టుకున్న వాళ్లంతా పోయారని, ఉన్నవాళ్లకు ఎందుకు పెట్టుకున్నారో తెలియదని, ఇటు పనిమీద వచ్చి పలకరించి పోదామనుకున్నానని ఆవిడ చెప్పింది.

"చిన్నమ్మా, ఈమె మా ఆమె," అన్నాడు ముకుంద్.

కౌసల్యమ్మ కళ్లజోడు పైకి తోసి రుక్మిణిని తేరిపార చూసింది. "అట్లనా. పెండ్లిల సూసిన గంతే. మంచిగున్నవా బిడ్డా?"

"మంచిగున్న అత్తమ్మా," అంది రుక్మిణి, నేల చూపులు చూస్తూ.

టీ వచ్చింది. కౌసల్యమ్మ సాసరులో పోసుకుని ఊదుకుంటూ, మిల్లులో మాల్ చూసే మనిషి కోసం తిరుగుతున్నానని చెప్పింది. పది దినాల పని. మిషన్లను నమ్మలేకపోతున్నానంది.

"అది మస్తు కష్టం చిన్నమ్మా," అన్నాడు ముకుంద్. "మాల్ సూసుడంటే ఏండ్ల అనుభవం కావాలె."

"గదే గదా. మీ ఆమెకేమన్న తెలుస్తదా? ఊకె టైంపాస్‌కు కూసుంటదని ఇన్న."

ముకుంద్ ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్ల తర్వాత కలిసిన చుట్టం, పైగా మిల్లు ఓనరు, తన ఇంటిమనిషిని ఇంత తీసిపారేయడం ఆయన భరించలేకపోయాడు.

"టైంపాస్ ఏంది చిన్నమ్మా! ఇరవై రెండేండ్ల సంది ఈ దుకాణంల మాల్ అంతా ఆమెనే సూస్తది! లారీల నుంచి దిగకముందే చెప్తది ఏ సంచి ఎట్లుంటదో! ఈ జిల్లల ఆమె లెక్క సూసేటోళ్లను తెండ్రి సూద్దాం!"

"అంతనా?" అంది కౌసల్యమ్మ ఆశ్చర్యంగా. "అయితే సోమవారం పంపు." టీ తాగి, సాసరు బోర్లించి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర ముకుంద్ చాలాసేపు అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

"ఇప్పుడు... నేను ఆమెతోని ఏమన్న?" అని అడిగాడు చివరికి.

"నా లెక్క సూసేటోళ్లు జిల్లల లేరన్నరు," అంది రుక్మిణి, చారు పోస్తూ.

సోమవారం పొద్దున ఆమె నారాయణఖేడ్ బస్సెక్కింది. పది రోజులన్న పని ఆ ఏడు కందులు బాగా పండడంతో పద్దెనిమిది రోజులైంది. దుకాణంలో ముకుంద్ మొదటి వారంలోనే ముక్కిపోయిన శనగలు రెండు సంచులు దింపుకున్నాడు. ఆ సంగతి మాత్రం ఆయన బజారులో ఎవరికీ చెప్పలేదు.